వెంచర్ ఆర్చి కింద మేము చేసిన ప్రార్థన

 

ప్రియులారా, ఈ వారం ఓదార్పు మాటలు రాయడం లేదు. గొడవ పెట్టుకోవడానికే రాస్తున్నాము. ముందు మాతోనే గొడవ, తర్వాత మీతో.

రెండేళ్ల క్రితం మన ఊరి శివారులో చేలు మెరక చేసి ఒక వెంచర్ వేశారు. ప్రారంభానికి ప్రార్థన చేయమని మమ్మల్ని పిలిచారు. అమ్మగారూ మేమూ కలిసి వెళ్లాము. పూల దండలు కట్టిన ఆర్చి కింద నిలబడి, ఈ స్థలం కొనేవారిని ఆశీర్వదించు ప్రభువా అని గొంతెత్తి ప్రార్థించాము. శాలువా కప్పారు. కవరు ఇచ్చారు. తీసుకున్నాము. ఆ ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో, విశ్వాసులకు గజం మీద రెండు వందలు తగ్గిస్తున్నారని మేమే చెప్పాము. ప్లాను చూపించమని మాత్రం అడగలేదు. ఎవరి చేను, ఎవరు కౌలు చేస్తున్నారు, నీళ్లు ఎటు పోతాయి, దారి ఎటు పోతుంది, ఇవేవీ అడగలేదు.

మొన్న సార్వా కోతల ముందు మన సంఘంలో పెద్ద తల్లి ఒకామె ప్రభువునందు నిద్రించింది. పెట్టె భుజాలకెత్తుకుని, పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు బయలుదేరాము. తాతల నాటి నుంచి మనవాళ్లు నడిచిన దారి ఒకచోట ఆగిపోయింది. ఎదురుగా గోడ. ఆ వెంచర్ గోడే. గత వేసవిలో కట్టారు. గేటు తాళం ఆఫీసులో ఉంటుందని వాచ్‌మన్ చెప్పాడు. ఆఫీసుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. సన్నగా వాన. చివరికి కాలువ గట్టు మీదుగా చుట్టూ తిరిగి, బురదలో కాళ్లు జారుతూ, పెట్టె ఎక్కడ పడిపోతుందో అని భయపడుతూ తీసుకెళ్లాము.

ఆమె కూతురు కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. సెలవు దొరకలేదు. తమ్ముడు పట్టుకున్న ఫోనులోంచి తల్లి ఆఖరి ప్రయాణం చూస్తోంది. గోడ దగ్గర అందరం ఆగిపోయినప్పుడు, "ఏమైంది, ఎందుకాగారు?" అని అడుగుతూనే ఉంది. ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఎందుకంటే ఆ గోడ లోపల ఆ బిడ్డకు రెండు సెంట్ల ప్లాటు ఉంది. ఆ ఆదివారం మేము చెప్పిన మాట విని కొన్నది.

అందుకే ముందు మేము క్షమాపణ అడుగుతున్నాము. కానీ క్షమాపణతో సరిపెట్టుకుంటే ఇంకో ఆర్చి కింద ఇంకొక అయ్యగారు నిలబడతారు. కాబట్టి ఉన్న సంగతి మాట్లాడుకుందాం.

కొంతమంది ఇప్పటికే అంటున్నారు: "అయ్యగారూ, మీరు వాక్యం చెప్పండి, భూముల సంగతి మీకెందుకు?" ఈ మాట అనేవారు బైబిలులో ఏ పేజీలు చదువుతున్నారో మాకు అర్థం కావడం లేదు. లేవీయకాండము 25వ అధ్యాయం చాలావరకు భూమి గురించే. భూమి దేవునిదని, దాని మీద ఉన్న మనం పరదేశులమని, అందుచేత శాశ్వతంగా అమ్మేయడానికి వీల్లేదని అక్కడ నియమం ఉంది. యాభై ఏళ్లకోసారి సునాద సంవత్సరంలో పోగొట్టుకున్నవాడి పొలం వాడికి తిరిగి రావాలి. సామెతలు 23లో పాత పొలిమేర రాళ్లు జరపవద్దని, తండ్రిలేనివారి పొలంలోకి చొరబడవద్దని హెచ్చరిక ఉంది. యెషయా 5లో, మీకా 2లో ఇళ్లకు ఇళ్లు, చేలకు చేలు కలుపుకుపోయేవారి మీద ప్రవక్తలు మండిపడ్డారు. భూముల సంగతి పాస్టరుకు ఎందుకని అడిగేవారే, పాస్టరు వెంచర్‌లో ప్రార్థన చేస్తే మాత్రం ఎందుకని అడగరు. అమ్మడానికి పనికొచ్చే వాక్యం కావాలి, అడ్డు చెప్పే వాక్యం వద్దు. అంతే కదా?

నాబోతు కథ మనందరికీ తెలుసు. ఆదివారం బడి పిల్లలు కూడా చెబుతారు. కానీ ఒక సంగతి మనం దాటేస్తుంటాం. అహాబు మొదట దౌర్జన్యం చేయలేదు. మంచి ధర ఇస్తానన్నాడు, లేదంటే ఇంతకన్న మంచి ద్రాక్షతోట ఇస్తానన్నాడు. ఈ రోజుల్లో అయితే అది గొప్ప ఆఫరు. నాబోతు అది పిత్రార్జితం గనుక ఇవ్వనన్నాడు. అప్పుడు యెజెబెలు ఏం చేసింది? కాగితాలు సిద్ధం చేసింది. రాజు పేరు, రాజముద్ర, ఇద్దరు సాక్షులు, ఊరి పెద్దల సభ, అన్నీ ఉన్నాయి. ఫైలు చూస్తే ఎక్కడా తప్పు కనబడదు. దాన్ని అమలు చేసింది ఎవరు? పై ఊరి రౌడీలు కాదు, నాబోతు ఊరి పెద్దలే. మొదటి రాజులు 21 మళ్లీ చదవండి. "కాగితాలన్నీ క్లియర్‌గా ఉన్నాయి" అన్న మాట వినగానే మనసు నిమ్మళం చేసుకునేవారికి ఆ అధ్యాయం ఒక్కటి చాలు. ఆ ఊరి పెద్దల వరుసలో, ఆర్చి కింద, మేమూ నిలబడ్డాము.

ఇక లెక్కల్లోకి వద్దాం. ఎకరం అంటే వంద సెంట్లు, 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ జాగాకు పోగా 2,700 గజాలు ప్లాట్లుగా మిగిలాయనుకోండి. రైతు దగ్గర ఎకరం 60 లక్షలకు కొన్నారనుకోండి. గజం 8,000 చొప్పున అమ్మితే 2 కోట్ల 16 లక్షలు. మట్టి తోలకానికి, రోడ్డుకు, కన్వర్షన్ ఫీజుకు, ఆర్చికి ఎంత తీసేసినా మధ్యలో మిగిలేది చిన్న మొత్తం కాదు. అందులోంచి ఏజెంటుకు, ఏజెంటు కింద ఏజెంటుకు, వాడి కింద ఇంకొకడికి కమీషన్ వెళుతుంది. ఆ గొలుసులో చివరి కడియం ఎవరో తెలుసా? మన యవ్వనస్థుల కూటంలో పాటలు పాడే తమ్ముడు. బావకు, పిన్నికి, పక్కింటి ఆంటీకి ప్లాటు అంటగట్టమని వాడికి శిక్షణ ఇస్తారు. సువార్త చెప్పడానికి నలుగురి ఇళ్లకు వెళ్లమంటే సిగ్గుపడే పిల్లవాడు, బ్రోచర్ పట్టుకుని నలభై ఇళ్లు తిరుగుతున్నాడు. వాణ్ని మేము తిట్టడం లేదు. డిగ్రీ చదివి పని లేక తిరుగుతున్నాడు. వాడి నోటికి మన సంఘం పేరును పెట్టుబడిగా ఇచ్చినవాళ్లను తిడుతున్నాము. అందులో మేమూ ఉన్నాము.

ఈ లెక్కలో అసలు కనబడనివాళ్లు ఇంకా ఉన్నారు. ఆ చేను కౌలు చేసినవాడు. మన డెల్టాలో చేను ఒకరిది, చెమట మరొకరిది అన్నది కొత్త సంగతి కాదు. భూమిగల ఆసామి హైదరాబాదులో ఉంటాడు, ఫోనులో బేరం కుదురుతుంది, ఇక్కడ దాళ్వా ఊడ్చిన చేలో హద్దు రాళ్లు దిగుతాయి. ఎకరం ఊడ్పుకు పదిమంది దాకా ఆడవాళ్లు దిగేవారు. ఆ పని పోయింది. వారిలో సగం మంది మన సంఘపు స్త్రీలే. రాజధాని కోసం 2015లో అమరావతి ప్రాంతంలో 29 గ్రామాల నుంచి 33 వేల ఎకరాలకు పైగా సమీకరించినప్పుడు, భూమి లేని కూలి కుటుంబానికి మొదట నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. అది చాలిందా లేదా అన్నది వేరే గొడవ. కనీసం కూలివాడు ఒకడు ఉన్నాడని కాగితం మీద రాశారు. మన ఊరి వెంచర్లలో వాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. మా ప్రార్థనలోనూ లేదు. కొనేవారిని దీవించమన్నాము గానీ, పని పోయినవారిని జ్ఞాపకం చేసుకోలేదు.

నీళ్ల సంగతి చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా బతుకే మారింది. కాటన్ దొరను మనం దైవజనుడిగా చెప్పుకుని మురిసిపోతాం. నీళ్లు తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో, నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువ, పంట బోదె కూడా అంతే ముఖ్యమని ఇక్కడి రైతులందరికీ తెలుసు. వెంచర్ వేసినవాళ్లు బుసక తోలి చేను నాలుగడుగులు లేపారు, మధ్యలో ఉన్న బోదె పూడ్చేశారు. నీళ్లు ఎక్కడికి పోతాయి? పల్లానికి పోతాయి. పల్లంలో ఉన్నది ఎవరు? మన పేట. రెండేళ్లుగా గట్టి వాన పడితే పేట వీధిలో మోకాలి లోతు. మొన్న మందిరం మెట్ల దాకా వచ్చాయి. ఎవరో తమ ప్లాటు ఎత్తుగా ఉందని సంతోషిస్తే, వాళ్ల నాయనమ్మ ఇల్లు మునుగుతోంది. దీన్ని దీవెన అని ఏ నోటితో చెప్పాలి?

ఇంకో మాట. లేఅవుట్ వేసేవారు పదో వంతు స్థలం పార్కు వంటి ఉమ్మడి అవసరాలకు విడిచి పంచాయతీకి రాసివ్వాలి. అంటే వెంచర్ కూడా దశమభాగం చెల్లించాలన్నమాట! మన దగ్గర దశమభాగం గురించి గంటసేపు బోధించడం మాకు వచ్చు. ఆ దశమభాగం ఎక్కడుందని అడగడం మాత్రం రాలేదు. కొన్నిచోట్ల ఆ ఖాళీ స్థలం కొన్నాళ్లకు మళ్లీ ప్లాట్ల నంబర్లతో కనబడుతుంది.

ఇప్పుడు మాకు నిజంగా గుచ్చుకున్న ప్రశ్నకు వద్దాం. కువైట్ నుంచే ఒక అక్క ఇలా అడిగింది: "అయ్యగారూ, మా అమ్మ జీవితమంతా ఒకరి దొడ్లో గుడిసె వేసుకుని బతికింది. ఇన్నాళ్లకు నా పేరు మీద నాలుగు గీతల మధ్య రెండు సెంట్లు వచ్చాయి. అది కూడా మీకు పాపంలా కనబడిందా?"

లేదమ్మా. ఎంతమాత్రం లేదు. నీ పేరు మీద దస్తావేజు ఉండటం నీ గౌరవం. దాని గురించి నువ్వు సాక్ష్యం చెబితే మేము చప్పట్లు కొడతాము. స్థలం కొనడం పాపమైతే అబ్రాహాము కూడా పాపే. దేశమంతా ఇస్తానని దేవుడు వాగ్దానం చేసిన ఆయన, ఆ దేశంలో తన పేరు మీద కొన్నది ఒక సమాధి స్థలమే. శారా చనిపోయినప్పుడు మక్పేలా గుహ, దానితో ఉన్న పొలం కొన్నాడు. ఊరికే ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఊరి గవినిలో, అందరూ వింటుండగా, నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. యిర్మీయా కూడా అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులముల వెండి, సాక్షుల సంతకాలు, ముద్ర వేసిన పత్రం ఒకటి, విప్పి చూసుకోవడానికి ఇంకొకటి. రెండూ మట్టికుండలో భద్రపరిచారు. దైవజనులు కొన్న పద్ధతి అది. అందరి ముందు, పూర్తి ధరకు, చదువుకోగల కాగితంతో. మేము గొడవ పడుతున్నది కొన్న అక్కతో కాదు. ఆమె చేత గోడ వెనకాల, గుడ్డిగా, మా ప్రార్థన మీద నమ్మకంతో కొనిపించిన పద్ధతితో.

ఆ అక్కకు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఆ వెంచర్‌లో తూర్పు ముఖం ఉన్న ముందు వరస మన పేటవాళ్లకు అమ్మలేదు. ఎవరూ పైకి అనలేదు. "అవి బుక్ అయిపోయాయండి" అన్నారు. ఏడాది తర్వాత కూడా ఆ ప్లాట్లు అమ్మకానికే ఉన్నాయి. అయితే రాయి వేసే ముందు మన చేతులు కూడా చూసుకుందాం. టౌనులో అద్దె ఇంటికి వెళితే ఇంటిపేరు అడిగి, చర్చి అడిగి, చివరికి "మా వాళ్లు వస్తున్నారు, ఇల్లు ఖాళీ లేదు" అంటారని మనం బాధపడతాం. మరి మన విశ్వాసులు కట్టుకున్న పైపోర్షన్లలో ఎవరికి ఇస్తున్నారు? ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, బయటికి వచ్చాక మీది ఏ పేట అని అడిగేవారు మన వరసల్లో లేరా? పేర్లు రాయడం లేదు. చదువుతున్నవారికి తెలుసు.

"మరి అభివృద్ధి వద్దా?" అంటారు. కావాలి. రోడ్డు కావాలి, ఇళ్లు కావాలి, మన పిల్లలు కట్టుకున్న డాబా మీద మేము ప్రతిష్ఠ ప్రార్థన చేయాలి. కానీ ఆ వెంచర్లో ఇప్పుడు ఎన్ని ఇళ్లు ఉన్నాయో వెళ్లి లెక్కపెట్టండి. గోడ, గేటు, ఆర్చి, గడ్డి. కొన్నవాళ్లలో చాలామంది ఉండటానికి కొనలేదు, పెరుగుతుందని కొన్నారు. ఒక ఊరు ధర పెరగడం కోసం ఎదురుచూసే ఖాళీ గడులుగా మారితే అది అభివృద్ధి కాదు. కొట్లు విప్పి పెద్దవి కట్టుకుందామనుకున్న ధనవంతుడికి ఆ రాత్రి ఏమైందో లూకా 12 చెబుతుంది. వాడి తప్పు పంట పండటం కాదు. వాడి ఆలోచనలో పక్క మనిషి ఒక్కడు కూడా లేడు.

కాబట్టి సంఘ పెద్దలతో కలిసి ప్రార్థించి, కొన్ని తీర్మానాలు చేశాము.

ఇకమీదట మన మందిరంలో ఏ వెంచర్ ప్రకటనా ఉండదు. బ్రోచర్ గేటు లోపలికి రాదు. మేము గానీ పెద్దలు గానీ భూమి బేరంలో కమీషన్ తీసుకోము. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను నమోదు చేయకుండా ప్రకటించడం, బుకింగులు తీసుకోవడం కుదరదు. అలాంటి ప్రాజెక్టుల్లో అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలి. ప్రసంగ పీఠం ఆ నమోదు కింద రాదు. మేము తీసుకున్న కవరులోని డబ్బును సమాధుల తోట దారి ఖర్చుకు జమ చేశాము.

అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితాలు మందిరానికి తీసుకురండి. శనివారం సాయంత్రం మన పిల్లల్లో చదువుకున్నవారు కూర్చుని చూస్తారు. ఈసీ, లింకు దస్తావేజులు, లేఅవుట్ అనుమతి, రెరా నంబరు, ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నీ చూస్తారు. రెరా కిందకు వచ్చే వెంచర్‌లో అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదని కూడా గుర్తుంచుకోండి. ఎసైన్డ్ భూమి అయితే ఇంకా జాగ్రత్త. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది, ఈమధ్య సవరణలు వచ్చాయి గనుక తెలిసినవారిని అడగకుండా సంతకం పెట్టవద్దు. మన తాతలకు వచ్చిన ఆ ఎకరం, అరెకరం మన పేటల పిత్రార్జితం.

అమ్మేవారు కౌలుదారుడి పంట ఇంటికి చేరేదాకా ఆగండి. ఇల్లు అద్దెకు ఇచ్చే విశ్వాసులు మనిషి నడవడి అడగండి, పేట అడగవద్దు.

చివరిది, అన్నిటికంటే తొందరైనది. సమాధుల తోట దారి విషయమై పంచాయతీకి, తహసీల్దారు గారికి అర్జీ పెట్టాము. సర్వే చేసి ఎఫ్ఎంబీ పటంలో అది డొంకగా ఉందేమో చూడమని అడిగాము. డొంక అయితే అది ఎవరి సొంతమూ కాదు, ఎవరూ అమ్మలేరు. పటంలో లేకపోయినా, ఇరవై ఏళ్లు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఆసరా ఇస్తుంది. అయితే అడ్డు పడిన రెండేళ్ల లోపే కోర్టుకు వెళ్లాలి. గోడ కట్టింది గత వేసవిలో. రోజులు లెక్కపెట్టుకోండి.

ఆ గోడ లోపల మన సంఘం వారి ప్లాట్లు పదకొండు ఉన్నాయి. బయట నిలబడి మేము అరిస్తే వెంచర్ వారికి చిన్న చప్పుడు. లోపల ప్లాటు ఉన్నవారు, మా స్థలం పక్కనుంచి మా అమ్మానాన్నల సమాధులకు దారి విడవండి అని సంతకం పెడితే అది వేరే మాట. ఎక్కడ ఉన్నా సరే, అర్జీ ప్రతి పంపిస్తాము, సంతకం చేసి ఫోటో తీసి పంపండి. తల్లిని ఫోనులో సాగనంపిన ఆ బిడ్డ మొదటి సంతకం పంపించింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బరువుగా ఉంది.

ప్రార్థన చేసుకుందాం.

భూమికి యజమానివైన తండ్రీ, చూడకుండా దీవించిన మా నోటిని క్షమించు. పని పోయినవారిని, నీళ్లలో మునిగినవారిని, గోడ ముందు ఆగిపోయినవారిని జ్ఞాపకం చేసుకో. కొనేవారికి తెలివి, అమ్మేవారికి భయం, మాకు అడగగల ధైర్యం దయచేయి. మా వారు నిద్రిస్తున్న చోటికి దారి తెరువు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.